రాజవ్వ అనుమానం

పాలవాడి ముందే పాలలో వేలు ముంచి చూసే మనిషి రాజవ్వ. ఇల్లు వరంగల్ కొత్తవాడలో. ఇంట్లో జంపఖానాల మగ్గం ఆడుతుంటే, ఆమె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. మనవరాలు కమలకు ఏడేళ్లు. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలి కుడి చెయ్యి బిగుసుకుపోయింది. ఆ చేతిని రాట్నం పిడి మీద పెట్టించి, పైన తన చెయ్యి వేసి తిప్పుతూ, "కండె నువ్వే చుట్టినవ్ బిడ్డా" అనేది రాజవ్వ. పిల్ల నమ్మేది.

ఎనభై నాలుగులో, ఇంజనీరింగ్ కాలేజీలో చదువు చెప్పే సారంగపాణి సారు, కమలను చేతి కసరత్తుకు తీసుకుపోయే దవాఖానాకు ఒక టీవీ, దానికి తగిలించే ఆట డబ్బా తెచ్చాడు. తెర మీద తెల్లచుక్క బంతి, నిలువుగీత బ్యాటు. డబ్బాకు వైరుతో తగిలించిన బొత్తం తిప్పితే గీత కదులుతుంది. కమల వేళ్లకు పట్టు దొరకదని బొత్తానికి చెక్కపుల్ల బిగించాడు. మణికట్టుతో నెడితే చాలు.

మొదటిరోజే గీత పైకి పోయి బంతిని కొట్టింది.

"నేనే కొట్టిన బాపమ్మా!"

రాజవ్వకు ఆ మాట నచ్చలేదు. ఇంట్లో తను చేసే మాయే సారు ఇక్కడ చేస్తున్నాడేమో! తన అబద్ధం గడప దాటదు. ఇది నలుగురిలో బయటపడితే పిల్ల మళ్లీ ఆ చెయ్యి ఎత్తుతుందా?

"సారూ, టీవీల బొమ్మ దానంతటదే ఉరుకుతది గదా. మా పిల్లను ఖుష్ చేస్తాండ్రా?"

"లేదవ్వా, కమలనే ఆడుతాంది."

"మరి ఫోటోలెందుకు దీస్తాండ్రు?"

"కాలేజీల చూపిద్దామని."

"గదీ! గట్ల జెప్పు."

ఒక శనివారం సారు చాయ్ తాగడానికి బయటికి పోయాడు. కమల చూపు తెర మీదే ఉంది. రాజవ్వ వంగి డబ్బాకున్న బొత్తం వైరు పీకేసింది. గీత ఇంకా కదిలిందంటే మోసమే. పిల్లను చంకనేసుకుని ఇంటికి పోవడమే.

గీత ఆగిపోయింది. బంతులు దాటిపోతున్నాయి. కమల నెట్టింది, పళ్లు బిగబట్టి మళ్లీ నెట్టింది. చివరికి చెయ్యి ఒళ్లోకి జార్చింది.

"బాపమ్మా, నా చెయ్యి సచ్చిపోయింది."

"అయ్యో, లేదు బిడ్డా! నేనే వైరు పీకిన. గిదో, సూడు."

"ఎందుకు?"

"నువ్వే ఆడుతానవో, లేదో అని…"

కమల ఏడవలేదు. సారు వచ్చి వైరు పెట్టేదాకా బాపమ్మనే చూస్తూ కూర్చుంది. పై వారం రాజవ్వను గుమ్మం దగ్గరే ఆపేసింది.

"గాడ్నే కూసో. చేతులు నాకు కనబడాలె."

సారంగపాణికి నవ్వొచ్చింది. "ఇప్పుడన్న నమ్మినవా అవ్వా?"

"డబ్బను నమ్మిన. నీ సంగతి ఇంకా సూడాలె."

"మాట్లాడకుండ్రి," అంది కమల, మణికట్టును పుల్లకు ఆనిస్తూ. "బంతి వస్తాంది."