ఎడమ పాదం మీద గాట్లు

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది కిందికి దిగదు, పైకి రాదు. నవ్వుతూ ఉంటాను, నలుగురిలో కూర్చుని మాట్లాడుతూ ఉంటాను, ఉన్నట్టుండి అది అక్కడే ఉందని తెలుస్తుంది. నా కూతురికి పాలపళ్లు వచ్చిన రోజుల్లో ఇంట్లో అందరూ దాని నోరు తెరిపించి మురిసిపోతుంటే నేను ఏదో పని ఉన్నట్టు బాల్కనీలోకి వెళ్లి నిలబడేవాణ్ణి. ఎందుకో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇది ఒక బొమ్మ గురించి. నవ్వొస్తే నవ్వండి. మొదట్లో నేనూ తేలిగ్గానే తీసుకున్నాను, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బొమ్మ, దానికోసం ఏమైపోతుందిలే అని.

మా వాళ్లది విజయనగరం వైపు. నాన్నకు రైల్వేలో ఉద్యోగం కాబట్టి నేను మెట్టుగూడ క్వార్టర్స్‌లో పెరిగాను. అప్పట్లో సికింద్రాబాద్ బజారులో ఒక బొమ్మల కొట్టు ఉండేది. దాని అద్దం వెనక నీలం కమాండర్ నిలబడి ఉండేవాడు. అట్ట మీద ఇంగ్లీషులో వేరే పేరేదో ఉండేది కానీ మా పిల్లలందరికీ వాడు నీలం కమాండరే. వెండి రంగు హెల్మెట్, ఛాతీ మీద ఎర్ర నక్షత్రం. భుజాలు తిరిగేవి, మెడ తిరిగేది, కాళ్లు వంగి కూర్చునేవాడు. ఆ కొట్టు ముందు నా నడక దానంతట అదే ఆగిపోయేది. "వచ్చే నెల కొందాంలేరా, నడు" అనేవాడు నాన్న. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ నెలలన్నీ నిజంగానే వచ్చాయి, వెళ్లాయి. ఒకరోజు చూస్తే అద్దం వెనక వాడు లేడు. అంతే.

పెద్దవాణ్ణయ్యాను. ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటున్న కాలం. నాకూ ఒక కంపెనీలో పని దొరికింది. పొద్దున్నే సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగడం, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం. నాతో చేరినవాళ్లు బైకులు కొన్నారు, ప్లాట్లు చూశారు. నేను బొమ్మలు కొనడం మొదలుపెట్టాను. సరిగ్గా ఆ రోజుల్లోనే విదేశాల్లో కొన్ని కంపెనీలు మా చిన్నప్పటి బొమ్మల్ని మళ్లీ పాత పద్ధతిలోనే, పాత అట్టల్లోనే తయారుచేసి అమ్ముతున్నాయి. రెట్రో అనేవాళ్లు. ఆఫీసు పని మీద ఆ దేశాలకు ఆన్‌సైట్ వెళ్లేవాళ్లను బతిమాలి తెప్పించుకునేవాణ్ణి. వాళ్లు ముందు నవ్వేవాళ్లు, తర్వాత తెచ్చేవాళ్లు. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. "పెళ్లీడొచ్చినోడివి, బొమ్మలేటిరా నీకు" అని తల పట్టుకునేది.

అలా కొత్త నీలం కమాండర్ కూడా నా దగ్గరికి వచ్చాడు. అట్ట ఆత్రంగా చించాను. కానీ వాడు వాడు కాదు. నీలం మరీ మెరుస్తోంది. వీపు మీద కొత్త కంపెనీ ముద్ర ఉంది. పాతవాడి వీపు నున్నగా ఉంటుందని విన్నాను. ఆ తేడా మీకు చిన్నదిగా అనిపించవచ్చు. నాకు నిద్ర పట్టనివ్వలేదు.

శ్రీశైలం అన్న నాకు పరిచయమైంది ఆదివారం పాత సామాన్ల బజారులో. పేవ్‌మెంటు మీద విరిగిన బొమ్మలు పోసి అమ్ముతుంటే ఇద్దరం ఒకే కుప్ప మీదికి వంగాం. ఇద్దరం పెద్దవాళ్లం, ఇద్దరికీ సిగ్గు. ముందు ఆయనే నవ్వాడు. "నీకు సుత గిదే పిచ్చా తమ్మీ?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను తమ్ముణ్ణే. ఆయన నాకంటే కొన్నేళ్లు పెద్ద, ఒక బ్యాంకు ఆఫీసులో పని, అల్వాల్‌లో సొంతిల్లు, తల్లితో ఉండేవాడు. నా ఈ పిచ్చిని వివరించి చెప్పుకోవాల్సిన అవసరం లేని ఒకే ఒక్క మనిషి ఆయన. అది ఎంత పెద్ద సంగతో ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన గాజు బీరువాలో పై అరలో నిజమైన పాత నీలం కమాండర్ ఉన్నాడు. అన్న చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిందట. రంగు కాస్త వెలిసింది. ఎడమ పాదం మీద ఏవో గాట్లు. ఎలుక కొరికిందేమో అనుకున్నాను. "అన్నా, నా దగ్గరున్నవాటిలో ఏది కావాలన్నా తీసుకో, వీణ్ణి నాకివ్వవా" అని ఒకసారి అడిగాను. "గదొక్కటి అడగకు తమ్మీ" అన్నాడు నవ్వుతూ. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఆయన చెప్పేవాడేమో. చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదేమో. ఇలాంటి 'ఏమో'లతోనే నాకు ఇన్నేళ్లు గడిచాయి.

ఒక వానాకాలం ఆయనకు పుణెలో ట్రైనింగ్ పడింది. ఇంట్లో స్లాబు కురుస్తోంది, రిపేరు పెట్టించాలి. బొమ్మలన్నీ ఒక పెట్టెలో సర్ది ఆటోలో మా ఇంటికి తెచ్చాడు. "నీ దగ్గరుంటే నాకు పరేషాన్ లేదు" అని పెట్టె నా చేతుల్లో పెట్టి వెళ్లాడు.

మొదట కమాండర్‌ను బయటికి తీసి చూసుకున్నాను. అంతే, నిజంగా అంతే. తర్వాత వాణ్ణి నా బల్ల మీద, నా కొత్తవాడి పక్కన నిలబెట్టాను. ఆఫీసులో కూర్చున్నా ఆ ఇద్దరే కళ్ల ముందు. ఇది దొంగతనం అని నాకు ఎప్పుడు తెలిసింది? మొదటి క్షణం నుంచే తెలుసు. తెలియనట్టు ఉండటానికి ఎంత కష్టపడ్డానో కూడా తెలుసు.

అమ్మానాన్న బంధువుల పెళ్లికని ఊరెళ్లిన ఒక ఆదివారం పనికి కూర్చున్నాను. కొత్తవాడి వీపు మీది ముద్రను గరుకు కాగితంతో రుద్ది తీసేశాను. మెరుపు పోయేదాకా ఒళ్లంతా రుద్దాను. చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టాను. ఇక పాదం మీద గాట్లు మిగిలాయి. బ్లేడుతో గీస్తే గీతల్లా వచ్చాయే తప్ప గాట్లలా రాలేదు. అప్పుడు వేడినీళ్లలో పాదం మెత్తబరిచి, నోట్లో పెట్టుకుని కొరికాను. తీసి పాతవాడి పాదంతో పోల్చి చూశాను. మళ్లీ కొరికాను. ప్లాస్టిక్ రుచి, టీ రుచి. అద్దంలో నా మొహం కనబడకుండా కుర్చీ జరుపుకోవడం గుర్తుంది.

ఆ తర్వాత చేసింది ఇంకా ఘోరం. పాతవాణ్ణి బాగుచేశాను. గాట్ల అంచుల్ని బ్లేడుతో చెక్కేసి, గోడలకు పెట్టే లప్పం నింపి, ఆరాక నున్నగా రుద్ది, నీలం కలిపి పూశాను. నా చేతులు ఎప్పుడూ అంత పొందికగా పనిచేయలేదు. పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే వాడు కొట్టు అద్దం వెనక నిలబడ్డవాడే. ఏమాత్రం తేడా లేదు. ఏడ్చాను. సిగ్గుతో కాదు. సంతోషంతో. ఈ ముక్క దాచిపెడితే ఒప్పుకున్నట్టు కాదు.

కొరికిన కొత్తవాణ్ణి పెట్టెలో పాతవాడి చోట పెట్టాను. అన్న తిరిగి వచ్చి పెట్టె తీసుకెళ్లాడు. ఏమీ కనిపెట్టలేదు. వెళ్తూ వెళ్తూ పుణె నుంచి తెచ్చిన స్వీటు డబ్బా ఇచ్చాడు.

మరుసటి బోనాలకు అల్వాల్ రమ్మన్నాడు. వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్న బీరువా తెరిచి కమాండర్‌ను తీశాడు. నేను కాస్త వెనక్కి జరిగాను. ఆయన మాత్రం పక్కన కూర్చుని, వాడి ఎడమ పాదం మీద బొటనవేలితో మెల్లగా నిమురుతున్నాడు.

"గివి మా చెల్లె పండ్లు తమ్మీ" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. చెల్లెలు ఉందని కూడా నాకు తెలియదు.

"స్వరూప. పండ్లొచ్చేటప్పుడు ఏది దొర్కితే అది కొరుకుతుండె. గీని కాలైతే ఇడ్వకుండె. నాకు కోపమొచ్చి ఒకసారి కొట్టిన సుత. రెండేండ్లు నిండకముందే జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫోటో దిగలే. గీ గాట్లే మిగిలినయి." పాదాన్ని నా వైపు తిప్పాడు. "గిది ఎవ్వరికి చెప్పలే. నీకు చెప్తున్న."

వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చి, మా దగ్గరే కింద కూర్చుంది. కొడుకు చేతిలోంచి బొమ్మను తీసుకుంది. అది ఆమెకు అలవాటైన పనని ఆ తీసుకోవడంలోనే తెలిసింది. పాదాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. వేలితో తడిమింది.

"ఏందిరా, పండ్లు జెర పెద్దగైనట్టు కనవడ్తున్నయి" అంది.

"నీ కండ్లద్దాలు మార్పియ్యాలె అమ్మా" అని నవ్వాడు అన్న.

"ఏమో బిడ్డా. బత్కి ఉంటే పెద్దగనే అయితుండె గద" అంది ఆమె. ఆమె కూడా నవ్వింది. మళ్లీ ఒకసారి తడిమి, కొంగుతో తుడిచి ఇచ్చేసింది.

అవి నా పళ్లు. ఆ మాట అప్పుడు నా నోటి చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. మంచినీళ్లు తాగి మింగేశాను.

ఇంటికొచ్చి పాతవాడి పాదం మీది లప్పాన్ని సూదితో తవ్వాను. కింద గాట్లుంటాయేమో, తిరిగి మార్చేద్దాం అనుకున్నాను. లేవు. అంచుల్ని నేనే చెక్కేశాను కదా. ఒక గుంట మాత్రం కనిపించింది. అది ఎవరి పళ్ల గుర్తూ కాదు. ఆ పాప ఈ లోకంలో మిగిల్చిన గుర్తు ఒక్కటే. దాన్ని ఒక ఆదివారం సాయంత్రం చక్కగా, ఓపికగా, ఇష్టంగా చెరిపేశాను.

ఎందుకు చెప్పలేదు అని అడుగుతారు. చెబితే వాళ్లకు మిగిలేది ఏముంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఉన్న భ్రమనైనా ఉండనిద్దాం, అదే దయ అనుకున్నాను. అది దయేనా? కాదనే నాకు తెలుసు. తమ్మీ అనే పిలుపు పోతుందని భయం. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అన్న ఆఫీసుకు సెలవు పెట్టి నాతో కూర్చున్నాడు. నా పెళ్లిలో మా వాళ్లందరికంటే ఎక్కువ తిరిగాడు. ఆయన మంచితనం పెరిగేకొద్దీ నా నోరు ఇంకా బిగుసుకుపోయింది. బొమ్మలు కొనడం మానేశాను. ఉన్నవి ఇచ్చేశాను, ఒక్కదాన్ని తప్ప. ఆసక్తి పోయిందని అన్నకు చెబితే బాధపడ్డాడు.

కొన్నాళ్ల క్రితం వాళ్లమ్మ పోయింది. వెళ్లాను. వాళ్లలో పూడ్చిపెడతారు. గుంత దగ్గర అన్న జేబులోంచి కమాండర్‌ను తీశాడు. ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు. నేను ఆయన పక్కనే, భుజం ఆనేంత దగ్గరగా నిలబడి ఉన్నాను. ఆగు అన్నా అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి నాకు రాలేదు. అందరితో పాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను.

బయటికి వస్తూ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇద్దరు ఒక్కదగ్గరైన్రు తమ్మీ" అన్నాడు. ఆయన మొహంలో ఒక నిమ్మళం. దాన్ని చూస్తూ తల ఊపాను.

ఇక ఇది ఎప్పటికీ బయటపడదు. పట్టుబడే భయం పోయింది. అది పోతే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మొత్తం నా మీదికే వచ్చింది. పాతవాడు మా బీరువాలో బట్టల వెనక ఉన్నాడు. ఎవరూ లేనప్పుడు తీసి చూస్తాను. ఇప్పటికీ అందంగానే ఉన్నాడు, ఇప్పటికీ నాకు కావాలనే ఉంది. ఇంత జరిగాక కూడా. నన్ను నేను క్షమించుకోలేనిది బహుశా ఇదే.

అన్న ఇప్పుడూ ఫోన్ చేస్తాడు. పాప ఎట్లుంది తమ్మీ అని అడుగుతాడు. బాగుంది అంటాను. ఆయనకు ఎప్పటికైనా చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను.

మీరు కూడా నన్ను ఏమీ అనకండి, మంచీ చెడూ. ఆ పాప గుర్తును చెరిపింది నేను. ఆ తల్లి చివరిదాకా తడిమింది నా పళ్లను. ఇన్నేళ్లలో ఈ రెండు వాక్యాలు నేను నాలో నేనైనా పూర్తిగా అనుకోలేదు, సగంలో ఆపేసేవాణ్ణి. ఇవాళ చివరిదాకా రాశాను.