కూర్మమ్మ మంచె, సార్జెంట్ పైడయ్య తర్జుమా

మలేషియాలో మా బాగన్ దాతుక్ పోలీస్ స్టేషన్‌లో సార్జెంట్ పైడయ్య ముప్పై ఏళ్లు పనిచేశాడు. అన్నేళ్లలో తుపాకీ తీసింది ఒక్కసారే, అదీ కొబ్బరిచెట్టు మీద చిక్కుకున్న గాలిపటాన్ని బెదిరించడానికి. మా కాన్వెంటులో సిస్టర్ అబద్ధానికొక బెత్తం దెబ్బ వేసేది. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఆవిడ చెయ్యి లేవదు. నేనక్కడే ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఒక మంగళవారం పొద్దున, నది ఒడ్డున కూర్మమ్మ మంచె కూల్చేయమని మండలి ప్రెసిడెంట్ ఉత్తర్వు వచ్చింది. కర్రల మీద నిలబెట్టిన ఆ మంచె మీదే ఆమె నలభై ఏళ్లుగా నెత్తళ్ల చేపలు ఎండబెట్టి బతుకుతోంది. కూల్చేటప్పుడు పోలీసు దగ్గరుండాలని కూడా ఉత్తర్వులో ఉంది. సరిగ్గా అదే పొద్దున, కూర్మమ్మ లాయరు ముందే వేసిన అర్జీ మీద, కూల్చొద్దని ఈపో పట్నం కోర్టు స్టే ఇచ్చింది. ఆ కాగితం ఫొటో పైడయ్య ఫోనుకు వచ్చింది.

మండలి అధికారి ఇళంగోవన్ ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు. ముద్ర ఉన్న అసలు కాగితం చేతికొస్తేనే ఆగుతానన్నాడు. ఆ కాగితం తీసుకుని లాయరు గుమాస్తా కస్తూరి ఈపో నుంచి మోటారుసైకిల్ మీద బయలుదేరింది. రావడానికి రెండు గంటలు. మట్టి తవ్వే యంత్రమేమో అప్పటికే బురదలోకి దిగి మంచె పక్కన నిలబడింది.

"సార్, ఇంకాసేపట్లో పోటొస్తాది. యంత్రం ఒడ్డుకు తీయించండి" అన్నాడు పైడయ్య.

"నాకు నీళ్ల పాఠాలొద్దు లా," అన్నాడు ఇళంగోవన్, ఇక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలించి. "పని కానివ్వు."

పైడయ్య ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాడు. తర్వాత మలయ్ భాషలో ఉన్న ఉత్తర్వు తిరగేశాడు. కూల్చే ముందు యజమానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని చివర్లో ఉంది.

"అత్తా, నీకు మలయ్ వచ్చా?"

మలయ్ జాలరులతో నలభై ఏళ్లు బేరాలాడిన కూర్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్నటిదాకా వచ్చు బాబూ. రేతిరి జొరమొచ్చి మొత్తం మర్చిపోనాను."

పైడయ్య మొదలుపెట్టాడు. "ఈ కట్టడానికి అనుమతి లేదంటన్నారు అత్తా. అనుమతి అంటే ఏటో ముందు సెప్పాల. మీ తాత ఓడ దిగిన రోజున..."

"మా తాత ఓడ దిగలేదురా, దూకినాడు. సరిగ్గా సెప్పు!"

"సరే, దూకినాడు. మళ్లీ మొదట్నుంచి సెప్తాను."

గంట గడిచినా మొదటి వాక్యం దాటలేదు. తెలుగు రాని ఇళంగోవన్ గడియారం చూసుకున్నాడు. "సార్జెంట్, ఒక్క లైనుకు ఇంత పొడుగా?"

"ప్రెసిడెంట్ గారి మాట సార్. తగ్గించి సెప్తే నా ఉద్యోగం పోతాది."

రెండో వాక్యంలోకి మా ఊరి సముద్రం, మూడోదాంట్లోకి కూర్మమ్మ పెళ్లి వచ్చాయి. పెళ్లిభోజనాల దగ్గరికొచ్చేసరికి నాకే ఆకలేసింది. అప్పుడు పోటొచ్చింది. యంత్రం చక్రాలు మునిగాయి, తర్వాత సీటు మునిగింది. డ్రైవరు ముందే ఒడ్డెక్కేశాడు. యంత్రం దగ్గరే నిలబడి అరుస్తున్న ఇళంగోవన్‌కు నీళ్లు నడుము దాటాయి. పారిపోవడానికి ఒకటే దారి. బూట్లు చేతపట్టుకుని కూర్మమ్మ మంచె ఎక్కేశాడు.

"మెల్లిగా నాయనా, కర్రలు పాతవి" అంది కూర్మమ్మ. "ఇరిగితే మీ పెసిడెంటు పని నువ్వే సేసినట్టవుద్ది."

ఆయన నెత్తళ్ల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒడ్డున ఉన్నవాళ్లం చప్పట్లు కొట్టాం. అప్పుడే కస్తూరి మోటారుసైకిల్ వచ్చి ఆగింది, ఎర్ర ముద్రతో సహా. పైడయ్య ఆ కాగితాన్ని నెత్తిమీద పెట్టుకుని నీళ్లలో నడిచివెళ్లి ఇళంగోవన్ చేతికిచ్చాడు. ఇళంగోవన్ ముద్రను చూశాడు, మునిగిన యంత్రాన్ని చూశాడు, తనను మోస్తున్న కర్రల్నీ చూశాడు. కాగితం అందినట్టు సంతకం పెట్టాడు.

మరుసటి నెల కోర్టు తీర్పు మంచె వైపే వచ్చింది. పైడయ్యను తప్పుపట్టడానికి ఎవరికీ వీలు దొరకలేదు. ఉత్తర్వునూ పాటించాడు, కోర్టునూ పాటించాడు.

ఆ మంగళవారం సంతకమయ్యాక పైడయ్య స్టే కాగితం విప్పి, "అత్తా, ఇదీ తెలుగులో సెప్పాలా?" అని అడిగాడు.

"వద్దురా బాబూ. ఇప్పుడే జొరం తగ్గింది. మలయ్ మొత్తం గుర్తొచ్చేసినాది."