అమ్మ అనని మాట

మా అమ్మ ఎన్నడూ అనని ఒక మాటను ఆమె అన్నట్టుగా నేను చెప్పాను. అది అబద్ధమని చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే కాబోలు, మీకు చెప్పడం కొంచెం సులువుగా ఉంది. అప్పుడు నా కూతురు పసిగుడ్డు, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పులో దూరిన ముల్లులా ఉంది. నడవవచ్చు. నలుగురిలో నవ్వుతూ కూడా నడవవచ్చు. కానీ అడుగు వేసిన ప్రతిసారీ అది అక్కడే ఉందని తెలుస్తూనే ఉంటుంది.

మాది గద్వాల. అమ్మా నాయినా మగ్గం మీద బతికినవాళ్ళు. నేను మస్కట్‌లో ఒక ఏసీల కంపెనీలో గోదాం చూసేవాణ్ణి. నా భార్య సునీతకు కాన్పు సెలవు అయిపోవస్తుంటే, విజిట్ వీసా మీద అమ్మానాయినలిద్దరినీ పిలిపించుకున్నాను. ఊరు చూపిద్దామని పిలిచానా, పిల్లను చూస్తారని పిలిచానా? రెండూ అని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి.

వాళ్ళు వచ్చాక ఇల్లు ఇల్లయింది. నాయినకు ప్రతిదీ వింతే. రోడ్డు పక్కన పచ్చగడ్డి చూసి, "గీ ఇసుకల గడ్డెట్ల మొలిసిందిరా?" అని కూర్చుని వేళ్ళతో తవ్వి, అడుగున నీళ్ళ గొట్టం కనిపించేదాకా లేవలేదు. బట్టల కొట్టుకు తీసుకుపోతే అరబ్బుల తెల్లటి అంగీ అంచును బొటనవేలితో రుద్ది చూశాడు. అమ్మ పై అంతస్తు మలయాళీ ఆవిడతో చేతుల సైగలతోనే స్నేహం చేసి, కొబ్బరి చట్నీ ఇచ్చి చేపల పులుసు తెచ్చింది. సాయంత్రం నేను తలుపు తీసేసరికి జొన్నరొట్టె వాసన. ఆ వాసన గుర్తుంచుకోండి. నా తప్పులో దానికీ పాలుందేమోనని నాకు అనుమానం.

అమ్మకు ఒక్కతే అక్క. మా పెద్దమ్మ. బిజినేపల్లిలో ఇచ్చారు. అన్నదమ్ములు లేరు కాబట్టి తల్లిగారి తరఫున ఒకరికొకరే దిక్కు. మాలో ఆడమనిషి పోతే చివరగా కప్పే చీర తల్లిగారింటి నుంచి రావాలి. పెద్దమ్మ దాని మీద కూడా పరాచికాలాడేది.

"ఓసే లచ్చిమీ, నేను ముందుగాల పోతే మీ మగ్గం మీద నేసిన చీర తేవాల. అంగట్ల కొన్నది తెచ్చినవంటే లేచి కూసుంట."

"నువ్వు లేస్తవంటే కొన్నదే తెస్త గదనే అక్కా!"

ఇద్దరూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వేవాళ్ళు.

ఒక శుక్రవారం పెద్దమ్మ కొడుకు శంకరన్న ఫోన్ చేశాడు. అమ్మావాళ్ళకు అక్కడ వేరే ఫోన్ లేదు, అన్నీ నా ఫోనుకే వచ్చేవి.

"తమ్మీ, అమ్మకు బాగలేదు. దవాఖానల ఉన్నది. డాక్టరు ఏం జెప్తలేడు. చెల్లె ఏది, చెల్లె ఏది అని ఒక్కటే అడుగుతుంది. చిన్నమ్మను జర తోలియ్యిరా."

"చెప్త అన్నా."

"ఫోనియ్యి, నేనే మాట్లాడ్త."

"పిల్లకు నీళ్ళు పోస్తుందన్నా. నేను చెప్త గద."

అది నిజమే. బాత్‌రూంలో అమ్మ కాళ్ళు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టి నలుగు పెడుతోంది. పిల్ల ఏడుపూ, అమ్మ పాటా కలిసి వినిపిస్తున్నాయి. నేను తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చాను. ఎందుకు వచ్చాను? అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక, నిద్ర లేచాక అనుకున్నాను. అబద్ధం ఒక్కసారిగా రాదని నాకు అప్పుడు తెలియదు. ముందు ఆలస్యంలా వచ్చి కూర్చుంటుంది.

మరునాడు శంకరన్న మళ్ళీ చేశాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"పసిపిల్లను ఇడిచిపెట్టి ఎట్ల వస్త అన్నది."



"చిన్నమ్మ గట్లన్నదా?"

"అన్నదన్నా."

"సరేతీ," అని పెట్టేశాడు.

పెద్దమ్మ పోయిన సంగతి వదిన ఫోనులో చెప్పింది. శంకరన్న మాట్లాడలేదు. తల్లిగారి చీర ఎవరు తెచ్చారని అడగడానికి నాకు నోరు రాలేదు. ఎవరో పక్కింటివాళ్ళు అంగట్లో కొని తెచ్చారట. అది తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం అమ్మ నాకు రొట్టె మీద వెన్న వేసి పెట్టింది. తిన్నాను. ఆశ్చర్యం ఏమంటే, రుచి తెలిసింది.

వీసా గడువు తీరి, వాళ్ళు విమానం ఎక్కే ముందురోజు చెప్పాను. పెద్దమ్మ హఠాత్తుగా పోయిందన్నాను. నీ బీపీకి భయపడి చెప్పలేదన్నాను. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నాయిన "ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగి, నేను చెప్పింది విని, నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు అర్థమైందా? ఆయన బతికుండగా అడగలేకపోయాను. అమ్మ మాత్రం ఏడుపు తగ్గాక నా చెంప నిమిరింది. "నా పానం గురించి గింత పరేషాన్ అయినవా బిడ్డా," అంది.

గద్వాలలో అమ్మ మా వీధంతా చెప్పుకుంది: "మావోడు నాకేమన్న అయితదని అక్క సావును గూడ కడుపుల దాసుకున్నడు." తిట్టి ఉంటే మోయగలిగేవాణ్ణి. ఆ మెప్పు మోయడమే కష్టమైంది.

అమ్మ తిరిగి వెళ్ళగానే బిజినేపల్లి పోయింది. శంకరన్న మంచినీళ్ళిచ్చి, "ఇప్పుడెందుకు చిన్నమ్మా తొందర, పిల్ల పెద్దగయినంకనే రావల్సుండె," అన్నాడట. అమ్మ నాకు ఫోన్ చేసి, "గట్లెందుకన్నడు బిడ్డా?" అని అడిగింది. "దుఃఖంల అన్నడు లేమ్మా," అన్నాను. తర్వాత వాళ్ళ రాకపోకలు ఆగిపోయాయి. శంకరన్న బిడ్డ పెళ్ళికి మాకు పిలుపు లేదు.

పిల్ల కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చివరికి సునీతకు చెప్పినప్పుడు ఆ మాట కూడా నిలవలేదు. "నాకు చెప్పి ఉంటే ఇంకో నెల సెలవు అడిగేదాన్ని కదా," అంది. మరి ఎందుకు? నేను సాయంత్రం తలుపు తీసినప్పుడు అమ్మ ఉండాలి, అంతేనా? ముప్పై దాటిన మనిషి, బిడ్డ తండ్రి, రొట్టె వాసన కోసం ఒక ముసలిదాని చివరి కోరికను ఆపుతాడా? ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. దొరికిన ప్రతి కారణమూ తప్పు కంటే చిన్నదే.

నాయిన పోయాక మస్కట్ వదిలేసి వచ్చాను. ఇప్పుడు వనపర్తిలో ఉంటున్నాం, అమ్మ మా దగ్గరే. ఆమెకు ఒకటే ధ్యాస. శంకరుడు ముఖం ఎందుకు తిప్పుకున్నాడు? తెగిన పోగు కోసం వెతికినట్టు వెతికేది. "చీర తేకపోతినని కోపమా? మీ నాయిన ఏమన్న అన్నడా? నేనే ఎన్నడన్న నోరు జారిన్నా?" మొన్న ఎండాకాలం ఒకనాడు తేల్చేసింది.

"ఒక్కపారి బిజినేపల్లి తోల్కపో. నేనే అడుగుత. తప్పు నాదైతే వాని కాళ్ళు మొక్కి వస్త."

చేతుల మీద పెరిగిన అక్క కొడుకు కాళ్ళకు మొక్కుతానంటోంది. నేనాడిన అబద్ధానికి.

దారి పొడుగునా ఆమెకు చెప్పే వీలుంది. చెప్పలేదు. ఈసారి భయంతో కాదు. ఇద్దరికీ రెండు మాటలు చెప్పి చేసిన తప్పు ఇది. ఇద్దరూ వింటుండగా ఒకే మాట చెప్పాలనుకున్నాను.

శంకరన్న వాకిట్లో పల్లికాయలు ఒలుస్తున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మ "శంకరా..." అని మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నిలబడే చెప్పాను. నువ్వు చేసిన ఫోన్లు అమ్మకు తెలియవన్నాను. ఆ మాట అమ్మది కాదన్నాను. శంకరన్న చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

అమ్మ నా వైపు చూడలేదు. అతన్నే చూస్తూ అడిగింది. "అక్క నన్ను అడిగిందా?"

"అడిగింది చిన్నమ్మా. పానం పోయేదాంక అడిగింది."

అమ్మ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది.   ఎన్నో ఏళ్ళకు నా సొంత గొంతు నాకు వినిపించింది.

"అమ్మా, చెప్పుంటే నువ్వు పోయేదానివి. నేనే పోనియ్యలే. తప్పయిందమ్మా. అన్నా, తప్పు చేసిన."