బర్నర్ మీద బార్లీ నీళ్లు

శనివారం పొద్దున్నే గరాజ్ ముందు ప్రొపేన్ బర్నర్ వెలిగించి, బీరు కోసం వడకట్టిన బార్లీ మాల్ట్ నీళ్లు పెద్ద గిన్నెతో ఎక్కించాను. గంట దాటినా మరుగు రాలేదు. మంట గాలికి దీపంలా వణుకుతోంది. సిలిండర్ మార్చాను. బర్నర్ చిల్లులన్నీ పిన్నీసుతో పొడిచాను. అయినా ఉలకదు, పలకదు. నాకు వస్తువుల మీద కోపం త్వరగా వస్తుంది. ఒక్క తన్ను తన్నబోయి, పైన వేడి గిన్నె ఉందని గుర్తొచ్చి ఆగాను.

మా ఆవిడ తెలుగు చర్చిలో పిల్లలకి సండే స్కూల్ చెబుతుంది. ఈ బీరు గొడవ ఆవిడకి ఇష్టం లేకపోయినా వద్దనలేదు. చర్చి వాళ్ల చెవిన పడకుండా చూడమని మాత్రం అడిగింది. అమెరికాలోని ఈ అల్ఫారెట్టాలో ఆవిడకి చుట్టపక్కాలన్నా వాళ్లే.

సరిగ్గా అప్పుడే చర్చి పెద్దాయన కారు వచ్చి ఆగింది. ఆదివారం భోజనాలకి బిర్యానీ వండేది ఆయనే. నా బర్నర్ అడిగి తీసుకెళదామని వచ్చారు. గిన్నెలోకి తొంగిచూసి, ఏంటి బాబూ అన్నారు.

"బార్లీ నీళ్లండి," అన్నాను.

అక్కడితో ఆగినా పోయేది. ఇన్ని ఎవరికని అడిగితే, మా ఆవిడకి కిడ్నీలో రాళ్లని చెప్పాను. నోరు జారానని అనుకోవాలని ఉంది గానీ, ఆలోచించే అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

వెంటనే చొక్కా చేతులు మడిచారు. సిలిండర్ గబుక్కున తిప్పావా అని అడిగారు. అవును, బర్నర్ నాబ్ తెరిచే ఉంచి, సిలిండర్ ఒక్కసారిగా తిప్పాను. అలా చేస్తే, గ్యాస్ లీకవుతున్నప్పటిలాగే, లోపలి సేఫ్టీ వాల్వ్ దారి చాలావరకు మూసేస్తుందట. ఆయన అన్నీ కట్టేసి, గొట్టం ఊడదీసి, కాసేపాగి బిగించి, ఈసారి మెల్లగా తిప్పారు. మంట బుస్సుమని నీలంగా లేచింది. నాకు భలే సంతోషం వేసింది. ఆ సంతోషం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది. ఆయన అక్కడే కళ్లు మూసుకుని, ఆ నీళ్లను దీవించమని ప్రార్థన చేశారు. బీరుకి చేదునిచ్చే హాప్స్ పొట్లం జేబులో పెట్టుకుని నేనూ తలవంచాను.

సాయంత్రం బర్నర్ ఆయనింట్లో దింపి వచ్చాను. మా ఆవిడకి చెబుదాం, చెబుదాం అనుకుంటూనే పడుకున్నాను.

మర్నాడు ఆరాధన చివర పెద్దాయన లేచి, మన సిస్టర్ కిడ్నీ రాళ్ల కోసం ప్రార్థిద్దామని ఆవిడ వైపు చెయ్యి చాపారు. ఆవిడ నన్ను ఒక్కసారి చూసింది. అబద్ధమని అక్కడే అనొచ్చు. అనలేదు, లేచి నిలబడింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరి తల మీద, భుజాల మీద చేతులుంచారు. అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను.

భోజనాల దగ్గర ఆవిడకి బిర్యానీ పెట్టలేదు. పెద్దాయన భార్య ఆవిడ కోసం విడిగా చప్పిడి కూర వండి తెచ్చి, తినేదాకా పక్కనే కూర్చున్నారు. నాకు బిర్యానీ గొంతు దిగలేదని రాస్తే బాగుండేది. మారు వడ్డించుకున్నాను కూడా.

 కారులో తిరిగొస్తుంటే, ఇంటి మలుపు దగ్గర మా ఆవిడ అంది.

"తగ్గాక, దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పాలన్నారు, సండే స్కూల్ పిల్లల ముందు. ఏం చెప్పమంటారు?"