లోపలి గది తలుపుకు ఎర్రజెండా

నా చిన్నప్పుడు మా క్వార్టర్ వీధి తలుపుకు ఎర్రజెండా కట్టి ఉందంటే లోపల మా నాన్న నిద్రపోతున్నాడని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసంతటికీ తెలుసు. నాన్న గూడ్సు గార్డు. కట్నీ లైన్లో డ్యూటీ దిగి ఏ వేళకో ఇంటికి వచ్చేవాడు. రంగు వెలిసి పక్కన పెట్టిన పాత జెండా ఒకటి గొళ్ళేనికి కట్టి పడుకునేవాడు. అది చూసి పాలవాడు కేక వెయ్యకుండా గడప మీది గిన్నెలో పాలు పోసి వెళ్ళేవాడు. అమ్మ వంటగదిలో చప్పుడు కానిచ్చేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మకు ఐదో నెల నిండి ఆరో నెల వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు ఒక బిడ్డ సరిగ్గా ఆ నెలలోనే దక్కకుండా పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఈసారి హాస్పిటల్లో మాత్రలిచ్చారు. ఆకుకూరలు తినమన్నారు. బరువులు ఎత్తవద్దని, మధ్యాహ్నం కాసేపు ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చెప్పారు. అమ్మ మాత్రలు వేసుకునేది. పడుకోవడం మాత్రం కుదిరేది కాదు. వరస చివరి కొళాయి నుంచి రోజూ రెండు బకెట్ల నీళ్ళు తేవడం నా పనిగా నాన్న ఒప్పజెప్పాడు.

ఒక ఆదివారం బకెట్లు లైన్లో పెట్టి గోలీలాటకు వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి నీళ్ళు ఇంట్లో ఉన్నాయి. అమ్మే మోసుకొచ్చింది. కొళాయి దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని అబద్ధం చెప్పాను.

మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ వస్తే అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. రెండు వారాలుగా చేపపిల్లలా కదులుతున్న బిడ్డ పొద్దుటి నుంచి కదలలేదట. తలుపు పక్కన నిలబడి విన్నాను. ఆ బకెట్లు మోసినందుకేనేమో అనుకున్నాను.

పెద్దమ్మది పలాస వైపు. ఆమె కంగారు పడలేదు. "పొద్దుటి నుంచి ఓ నిమిషం కూకున్నావేటి పిల్లా? తిన్నావేటి?" అని అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. పెద్దమ్మ నేరుగా వీధి తలుపు దగ్గరికి వెళ్ళి జెండా విప్పింది, నాన్నను నిద్ర లేపింది. చొక్కా వేసుకోమని, సాయంత్రం దాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలని చెప్పి రిక్షాకు పంపింది. ఆ జెండా తెచ్చి లోపలి గది తలుపుకు కట్టింది.

"అది నాన్నది. డ్యూటీ చేసినోళ్ళకే కడతారు," అన్నాను.

"మీ నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. మీ అమ్మ ఎప్పుడు దిగింది? నిద్దర్లో కూడా లోపల చేతులు, కాళ్ళు, చెవులు తయారు సేస్తన్నాది. నువ్వు అరిస్తే ఆ చెవులకి ఇనపడతాదిరా. నోరు మూసుకుని ఇక్కడ కూకో."

రిక్షా వచ్చేదాకా అమ్మ మరమరాలు, బెల్లం తిని ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. నేను పక్కనే కూర్చున్నాను. గోలీలాటకు వెళ్ళానని చెప్పేశాను. తెలుసంది అమ్మ. నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నా అరచేతి కింద లోపలి నుంచి ఎవరో వేలితో ఒక్కసారి తట్టినట్టయింది. అమ్మ కళ్ళు మూసుకుంది. అయినా పెద్దమ్మ రిక్షా ఎక్కించింది. బిడ్డ బాగానే ఉందని, తల్లి తిరుగుతూ ఉంటే ఈ నెలల్లో కదలికలు తెలియకపోవచ్చని, అనుమానం వస్తే ఎప్పుడైనా రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ బిడ్డే మా చెల్లెలు.

ఇంత తెలిసీ నేను చేసింది వేరు. నేనూ గార్డునయ్యాను. నా తలుపుకూ జెండా కట్టుకున్నాను. నా భార్య రెండుసార్లు కడుపుతో ఉన్నప్పుడు, ఉబ్బిన కాళ్ళతో పిల్లలను హుష్ అంటూ తిరుగుతుంటే నేను నిద్రపోయాను. ఆమె కోసం ఆ జెండా ఒక్కనాడూ విప్పలేదు. తెలియక కాదు. నా నిద్ర నాకు ముఖ్యమైంది.

మొన్న మా అమ్మాయి ఆరో నెలతో బిలాస్‌పూర్‌లోనే సర్కండాలో ఉన్న మా ఇంటికి వచ్చింది. భోజనాలయ్యాక పెట్టె వెతికి జెండా తీసి ఆమె గది తలుపుకు కట్టాను. నా భార్య వచ్చి చూసింది.

"అచ్ఛా, ఆడోళ్ళ గదికి కూడా ఇది కడతారేటి?" అంది.

వంటగదిలోకి వెళ్ళి ఎంగిలి గిన్నెలు ముందేసుకున్నాను. చప్పుడు కాకుండా తోమడం ఎంత కష్టమో ఈ వయసులో తెలుస్తోంది.