పగలగొట్టని దిష్టి గుడ్డు

మొన్న ఒక పెళ్ళి విందులో, వేదిక పక్కన రంగురాళ్ళు అతికించిన పెద్ద గుడ్డును అలంకరణగా పెట్టారు. అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటే, నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకుని భోజనాల వైపు లాక్కుపోయాను. ఆకలి మీదున్నానని నవ్వుకున్నారు.

మేము ఖతార్‌లో ఉన్నప్పటి మాట. ప్రపంచ కప్పు కోసం అక్కడ స్టేడియాలు లేస్తున్న రోజులవి. ఏ ఎడారి దేశమైనా దుబాయే అనుకునే మా ఊళ్ళోవాళ్ళ లెక్కలో మాత్రం మేము దుబాయ్‌లోనే ఉండేవాళ్ళం. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒకే ఫ్లాట్‌లో మేమూ, మా బావగారి కుటుంబమూ. ఆయన ఒక నగల దుకాణంలో రాళ్ళు పొదిగేవారు. ఆటలు చూడటానికి రాబోయే అతిథులు ముచ్చటపడి కొంటారని సేటు లోపలి సొన తీసేసిన నిప్పుకోడి గుడ్డొకటి తెప్పిస్తే, కొలతలు చూసుకోవడానికి బావగారు దాన్ని ఇంటికి తెచ్చారు. అదే వారం మా రెండేళ్ళ పాపకు జ్వరం. మందులు వేసినా కళ్ళు తెరవలేదు. మునిమాపు వేళ మా తోడికోడలు ఆ గుడ్డందుకుని పాప చుట్టూ తిప్పేసింది. ఫ్రిజ్‌లో కోడిగుడ్లున్నాయి కదా అంటే, "గింత పెద్ద జెరానికి గా చిన్న గుడ్డేం సాలుతది? ఇది లోపల ఖాళీ, ఎంతైనా పడ్తది" అంది. దిష్టి తీసిన గుడ్డును నాలుగు దారులు కలిసేచోట పగలగొట్టి, వెనక్కి చూడకుండా రావాలి. ఆమె చెప్పులు వేసుకుంటుండగా బావగారు వచ్చి గుడ్డు లాక్కున్నారు. "నీకేమన్న పిచ్చా? సేటుకు ఏం జెప్పాలె?"

తెల్లారేసరికి పాప లేచి అన్నం అడిగింది.

బంగారు తీగ, ముత్యాలు, కెంపులతో గుడ్డు తయారైంది. పట్టుకుంటే వెచ్చగా ఉంటోందని బావగారే అన్నారు. అల్ రయ్యాన్‌లో ఒక పెద్దింటివాళ్ళు కొన్నారు. కొన్నాళ్ళకే వాళ్ళ పసివాడికి వదలని జ్వరమని ఆ ఇంటి డ్రైవరు, మా జగిత్యాల వైపు మనిషే, చెప్పాడు. వాళ్ళు దాన్ని మెసయీద్‌లో ఉండే ఒక ఇంజనీరుకు కానుకగా ఇచ్చారు. పసివాడు కోలుకున్నాడు, ఇంజనీరు కూతురు మంచం పట్టింది. ఇంతలో ఒక కెంపు ఊడిందని గుడ్డు మళ్ళీ దుకాణానికి వచ్చింది. పగలగొట్టెయ్యమని బావగారిని బతిమాలాను. ఆయన ఇలాంటివి నమ్మే మనిషి కాదు. మా పాప వైపు చూసి, "పలగ్గొడ్తే గా జెరం యాడికి పోతదమ్మా? తీసినకాడికే వస్తే?" అన్నారు. కెంపు పొదిగి పంపేశారు.

ఆ తర్వాత అది ఏ ఇంటికి చేరిందో మాకు తెలియదు. మా అమ్మాయికి మాత్రం ఆనాటి నుంచి ఒక్కసారి కూడా ఒళ్ళు వెచ్చబడలేదు. డాక్టర్లు అదృష్టమంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ తల్లికి నిశ్చింత పెరగాలి, నాకేమో ఆ జ్వరం ఇప్పుడు ఎవరి బిడ్డ దగ్గర ఉందోనన్న భయమే పెరుగుతోంది.