కడుపులో దూడకు ఐదు రూపాయలు

మొన్న చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ఒక బర్రె రోడ్డుకు అడ్డంగా నిలబడి తీరికగా నెమరు వేస్తుంటే, వెనుక బస్సులూ ఆటోలూ హారన్ల మీద హారన్లు కొడుతుంటే, నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్న మనవరాలు స్టీరింగు వదిలేసి ఫోను తీసి, మొదటి జీతంతో ఒక పాల కంపెనీ షేర్లు కొన్నాననీ, అవి అప్పుడే పెరిగాయనీ మురిసిపోతూ చూపించింది. తొంభై దాటిన నాకు ఆ గీతలు కనిపించలేదు గానీ, ఆ మాట వింటూ బర్రెను చూస్తుంటే నవ్వు ఆగలేదు. నేనూ నా మొదటి సంపాదన పాల వ్యాపారంలోనే పెట్టాను, పెట్టి నిండా మునిగాను కూడా.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మాది గౌలిపురాలో నాలుగు బర్రెల ఇల్లు. పాల డబ్బులు బాపువి, పెరుగూ నెయ్యీ అమ్మవి, మిగిలిన పేడ నాది అని అమ్మ తేల్చేసింది. కట్టెల ధర మండిపోతున్న ఆ కాలంలో పిడకలకు ఎంత గిరాకీ ఉండేదో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. బడి మొహం చూడని పన్నెండేళ్ల పిల్లను, పేడలో పొట్టు కలిపి, మా గోడ చాలక పక్కింటి గోడ కూడా అడిగి పిడకలు చరిచి, ఎండాక గంపకెత్తి సందు చివరి చాయ్ హోటలుకు వేసేదాన్ని. తడి పిడక ఒక్కటి కనిపించినా హోటలాయన "యే గీలా హై బేటీ" అని పక్కన పడేసేవాడు. మర్నాడు దాన్నే ఎండబెట్టి మళ్లీ తెచ్చేదాన్ని. అట్లా ఏడాది తిరిగేసరికి ఐదు నిజాం రూపాయలు కూడాయి.

పక్కిల్లు మా పెద్దమ్మది. అప్పుడు ఆమె బర్రె చూడితో ఉంది. మా పాలవాళ్లలో కడుపులో ఉన్న దూడను ముందే కొనే పద్ధతి ఒకటుండేది. పెయ్య, అదే ఆడదూడ, పుడితే కొన్నవారి పంట పండినట్టే, దున్న పుడితే డబ్బు నీళ్లపాలు. తన బర్రె రెండుసార్లూ పెయ్యనే ఈనిందని పెద్దమ్మ ఊరించింది. వెండి పట్టీలు కొనుక్కోమని అమ్మ చెప్పింది. నేను వింటేగా. ఐదు రూపాయలూ పెద్దమ్మ కొంగులో పోసి, ఈనేదాకా రోజూ వెళ్లి బర్రె పొట్ట మీద చెయ్యి పెట్టి వచ్చేదాన్ని.

దున్న పుట్టింది. వాడకట్టంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వు దాచుకుంటూ, "ఏం జేస్తమే, దేవుడిచ్చిండు. గీ దున్నను ఏం జేస్కుంటవ్, ఈడనే ఉండనియ్" అంది. ఉండనిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. దున్నదూడకు పాలు వదిలే పాలవాడు మా వాడలో లేడు, నెల తిరక్కుండానే అది బక్కచిక్కి చచ్చిపోతుంది. నా ఏడాది కష్టం కళ్లముందే అట్లా పోతుంటే చూడలేననిపించింది. జున్నుపాల రోజులు కాగానే, తెలివితో కాదు, ఒట్టి మొండితనంతో, నా దూడ నాదేనని మెడకు తాడు కట్టి మా కొట్టంలోకి లాక్కొచ్చాను. గంజి పట్టబోతే అది తాగలేదు గానీ నా వేళ్లు చీకింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ చెంబు పట్టుకుని పితకడానికి కూర్చుంటే బర్రె చేపలేదు. దూడ వచ్చి నోరు పెట్టనిదే పాలు దించని రకం అది. తవుడు పెట్టారు, నిమిరారు, బతిమాలారు. అది చెంబును తన్ని మా గోడ వైపు తిరిగి అరిచింది. మర్నాటి పొద్దునా అంతే. పొదుగు గట్టిపడుతోంది, పాలు పోయించుకునే ఇళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ మా గుమ్మంలోకొచ్చి లొల్లి మొదలుపెట్టింది.

"నీ బిడ్డ నా బర్రెను ఎండబెడ్తుంది. దూడను తోలమను."

అమ్మ చల్ల చిలుకుతూ తల కూడా ఎత్తలేదు. "దూడ దానిది అక్కా. పైసలు తీసుకున్నది నువ్వు. దాన్నే అడుగు."

అంతవరకు నన్నెవరూ ఏదీ అడిగి ఎరగరు. దూడ తాడు చేతికి చుట్టుకుని గుమ్మంలోకొచ్చాను. "రెండు పూటలా నేనే తోల్కొస్త పెద్దమ్మా. రోజూ నాకు సోలెడు పాలియ్యాలె. నాలుగు చన్నులల్ల ఒకటి దూడకే ఇడ్వాలె" అన్నాను. గింతున్నవు, గీ బేరం యాడ నేర్చినవే అని తిడుతూనే పెద్దమ్మ ఒప్పుకుంది.

ఆ సోలెడు పాలూ అదే చాయ్ హోటలుకు పోశాను. చుక్క నీరు కలపలేదు. బాపు కలిపేవాడని ఇప్పుడు చెప్పినా పోయేదేమీ లేదు. బర్రె వట్టిపోయేసరికి నా ఐదు రూపాయలు తిరిగొచ్చి, పైన ఇంకో పదిహేను చేరాయి. ఒక చన్ను పాలు తాగి దున్న గోడలా బలిసింది. మూడేళ్లకు దాన్ని బహదూర్‌పురాలో బండి తోలే ఆయనకు మంచి ధరకు అమ్మి, రెండు రోజులు ఏడ్చాను. ఆ డబ్బుతో పెయ్యను కొన్నాను, ఈసారి తోక ఎత్తి చూసి మరీ.

ఫ్లైఓవర్ కింద బర్రె దానంతటదే పక్కకు తప్పుకుంది. వెనుక దూడ ఉందేమోనని మెడ తిప్పి చూశాను, లేదు. ఇప్పుడు సూది వేస్తే చేపుతాయట, మరలే పితుకుతాయట, దూడతో పనే లేదట. సంతోష్‌నగర్‌లో మా గుమ్మానికి తెల్లారేసరికి ప్యాకెట్లు వచ్చి పడతాయి, పాలు చిక్కగానే ఉంటాయి, నేను వంక పెట్టను. బండి కదిలిస్తూ మనవరాలు తన లాభం ఎంతో ఇంకోసారి చెప్పింది.

"మంచిగైంది బిడ్డా. అండ్ల దూడ వంతు ఎంత?" అని అడిగాను.

తమాషాకు అన్నాననుకుని అది నవ్వింది. నేనూ నవ్వాను. డాక్టరు దగ్గరికి చేరేదాకా జవాబు చెబుతుందేమోనని చూస్తూనే ఉన్నాను.